వంగనారుకి తడిక కట్టాలా?

బండారులంకలో చాలా ఇళ్ళకి ముందు వైపు మగ్గం చప్పుడు, వెనక వైపు కొబ్బరాకుల చప్పుడు. అమలాపురం పక్కనున్న ఈ ఊరి పేరు చెప్పగానే కోనసీమలో ఎవరికైనా నూలు చీరలే గుర్తొస్తాయి. ఆ చీరలు నేసే చేతులే పెరట్లో నాలుగు వంగ మొక్కలు, రెండు ఆనప పాదులు, ఓ మిరప మడి పెంచుతుంటాయి. అలాంటి పెరడు ఒకటి ఊహించుకుందాం. అందులో ఇద్దరు మనుషులు. ఒకరు మగ్గం మీద జీవితం గడిపిన అత్తయ్య. రెండోవాడు ఆవిడ మేనల్లుడు; ఉద్యాన డిప్లొమా చదివి, కడియం వైపు ఓ నర్సరీలో పని చేస్తున్నాడు. ఆశ్వయుజ మాసం నడుస్తోంది. నైరుతి వెళ్ళిపోతోంది, ఈశాన్యం ఇంకా పూర్తిగా దిగలేదు. వంగనారు ముప్పై అయిదు రోజులది, నాటడానికి సరైన ఈడు.

సాయంత్రం మడిలో నారు నాటి నీళ్ళు పోయగానే అత్తయ్య చూరు కింద చెక్కిన తాటాకు తడికలు తీసుకొచ్చింది. మేనల్లుడు అడ్డం వచ్చాడు.

"ఇవెందుకండి అత్తయ్యా?"

"ఎందుకేంట్రా, గాలికి."

"గాలి తగలకపోతే మొక్క ఎలా గట్టిపడుద్దండి?"

"గట్టిపడేదాకా ముందు బతకాలి కదా!"

ఈ రెండు మాటల మధ్యనే అసలు తగువంతా ఉంది. తోటపని చేసేవాళ్ళలో ఈ రెండు పక్షాలూ ఎప్పుడూ ఉన్నాయి. ఒక పక్షం లేత మొక్కని పసిబిడ్డలా చూస్తుంది. రెండో పక్షానికి అది బడికి వెళ్ళాల్సిన పిల్లవాడు. రెండు పక్షాలకీ చూపించడానికి మంచి రుజువులే ఉన్నాయి.

మేనల్లుడు తన రుజువు ముందు తీశాడు. నర్సరీలో షేడ్‌నెట్ కింద, ప్రోట్రేల్లో, కొబ్బరి పొట్టులో పెరిగిన నారు చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. గాలి లేదు, ఎండ సగమే, పక్క మొక్క ఆనుకునేంత దగ్గరగా ఉంది. వెలుగు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ సన్నగా, పొడుగ్గా సాగుతుంది. ఆ మొక్కని తెచ్చి నేరుగా బయట నాటితే మొదటి గాలికే మెడ వాలుస్తుంది.

"నాటే ముందు వారం రోజులు నీళ్ళు తగ్గించి, ఎండకీ గాలికీ బయట పెట్టి అలవాటు చేస్తామండి. అది చేసిన నారు ఒక తీరు, చెయ్యని నారు ఇంకో తీరు. ఆకు ముదురు రంగు తిరుగుద్ది, కాండం గట్టిపడుద్ది. మీరేమో అలవాటు పడ్డ నారుని తెచ్చి మళ్ళీ గదిలో పెడతానంటున్నారు."

అతని మాట వెనక శాస్త్రం ఉంది. మార్క్ జాఫ్ అనే అమెరికన్ వృక్ష శాస్త్రవేత్త లేత మొక్కల కాండాలని రోజూ కొద్దిసేపు వేళ్ళతో రాసి చూశాడు. రాసిన మొక్కలు పొట్టిగా, లావుగా పెరిగాయి. ముట్టుకోని మొక్కలు పొడుగ్గా, నాజూగ్గా పెరిగాయి. తాకిడికి మొక్క తన ఒళ్ళు మార్చుకునే ఈ గుణానికి 1973లో ఆయన థిగ్మోమార్ఫోజెనెసిస్ అని పేరు పెట్టాడు. గాలి చేసే పని కూడా ఇదే. కాండం అటూ ఇటూ ఊగినప్పుడల్లా లోపల ఇథిలీన్ లాంటి హార్మోన్ల నడక మారుతుంది. మొక్క పైకి పెరగడం తగ్గించి, పక్కకి పెరుగుతుంది. వేరు మీద ఎక్కువ ఖర్చు పెడుతుంది. జపాన్ రైతులకి ఈ సంగతి శాస్త్రం పేరు పెట్టకముందే తెలుసు. చలికాలంలో లేత గోధుమ, బార్లీ మొక్కల్ని వాళ్ళు కాళ్ళతో తొక్కుకుంటూ నడిచేవారు. దాని పేరు ముగిఫుమి. తొక్కిన పైరు పిలకలు వేసి, వేరు దన్నుగా పట్టి, తరవాత గాలికి పడకుండా నిలబడుతుంది.

అత్తయ్య అంతా విన్నది. కొట్టిపారెయ్యలేదు.

"వేళ్ళతో రాశాడన్నావు. పట్టుకుని పీకలేదుగా? తెమ్మెరకీ ఈదురుగాలికీ తేడా లేదంటావా?"

ఉంది. చాలా ఉంది. గాలి వేగం రెట్టింపైతే అది మొక్కని నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. పొద్దుటిపూట ఆకుని నిమిరిన గాలి, మధ్యాహ్నం వేగం మూడింతలు చేసుకుని వస్తే మొక్కకి అది వేరే గాలే. పైగా నాటిన మొదటి వారంలో మొక్క ఒళ్ళంతా పుండులాంటిది. మడిలోంచి పెకిలించేటప్పుడు సన్నటి నూగు వేళ్ళు తెగిపోతాయి. నీళ్ళు తాగే నోళ్ళు అవే. కొత్తవి పుట్టేదాకా తాగడం తక్కువ, ఆకులోంచి పోవడం మాత్రం ఎప్పటిలాగే. ఆకు చుట్టూ పల్చటి తేమ పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. గాలి దాన్ని ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంటే ఆకు ఇంకా ఇంకా నీళ్ళు వదలాలి. ఎండ లేని మబ్బు రోజున కూడా గాలికి నారు వాడిపోవడానికి కారణం ఇదే.

అత్తయ్య చెయ్యి పట్టి చూపించిన సంగతి ఇంకొకటి ఉంది. కిందటేడు తడిక లేకుండా వదిలేసిన మిరప మొక్కల మొదళ్ళు. గాలికి ఊగీ ఊగీ కాండం చుట్టూ మట్టిలో గరాటులాంటి గుంట పడింది. "చూడు, పొత్రం రోట్లో తిరిగినట్టు తిరిగింది" అందామె. మొదలు కదిలితే అప్పుడే పుడుతున్న వేరు మళ్ళీ తెగుతుంది. వాన పడితే ఆ గుంటలో నీళ్ళు నిలిచి కాండం కుళ్ళుతుంది. ఊగడం వల్ల బలం రావాలంటే మొదలు కదలకుండా తల ఊగాలి. జాఫ్ మొక్కలు వేళ్ళూనుకుని ఉన్నవి. అత్తయ్య మొక్కలు ఇప్పుడే నాటినవి. ఈ తేడా చిన్నది కాదు. ఇక్కడ ఆవిడదే పైచెయ్యి అని ఈ వ్యాసకర్తకి అనిపిస్తోంది.

మేనల్లుడు ఒప్పుకున్నాడు, కానీ సగమే.

"సరేనండి, వారం రోజులు కట్టండి. కానీ ఆ మధ్య చీర కట్టారని విన్నాను. అదేమైంది?"

అత్తయ్య నవ్వేసింది. పాత నేత చీర మడత పెట్టి మడి చుట్టూ కర్రలకి కట్టింది ఒకసారి. నేత మంచిది, పోగు దగ్గర పోగు పడ్డ చీర. రాత్రి గాలి లేచింది. చీర గోదావరి పడవ తెరచాపలా పొంగింది. తెల్లారి చూస్తే కర్రలు పీక్కుని చీర ఒక మూల, దాని కింద నలిగిన నారు ఒక మూల. ఇంకో చిత్రం ఏమిటంటే, చీర నిలిచిన వైపు కూడా దాని వెనకనున్న మొక్కలు బాగా మెలితిరిగిపోయాయి. బయట గాలికి వదిలేసిన వాటి కంటే వీటికే దెబ్బ ఎక్కువ.

చిత్రమనిపించినా లెక్క తేలిగ్గానే తెగుతుంది. గోడలాంటి అడ్డం పెడితే గాలి ఆగదు, పైకెక్కి అవతలికి దూకుతుంది. దూకిన చోట సుడి తిరుగుతుంది. ఆ సుడిలో మొక్క ఒక వైపుకి వంగదు, నాలుగు వైపులా కొట్టుకుంటుంది. అదే అడ్డంలో దాదాపు సగం ఖాళీ ఉంటే కొంత గాలి వేగం తగ్గి సందుల్లోంచి వస్తుంది. పైనుంచి దూకిన గాలిని అది మెత్తటి పరుపులా కాసుకుంటుంది, సుడి పుట్టదు. తోటల చుట్టూ గాలికి అడ్డంగా చెట్ల వరసలు వేసేటప్పుడు నలభై నుంచి యాభై శాతం ఖాళీ ఉండేలా చూడమని చెప్పేది అందుకే. అలాంటి అడ్డం తన ఎత్తుకి పది రెట్ల దూరం దాకా గాలి జోరు తగ్గిస్తుంది. రెండడుగుల తడిక వెనక ఇరవై అడుగుల దాకా ఎంతో కొంత ఉపశమనం, మొదటి పదడుగుల్లో బాగా ఉపశమనం. పెరటి మడికి ఇంతకంటే ఏం కావాలి?

తాటాకు తడిక కట్టినవాళ్ళెవరూ ఈ శాతాలు కొలవలేదు. ఆకులు ఎడంగా అల్లితే సరిగ్గా అంతే ఖాళీ వస్తుంది. అత్తయ్యకి ఈ సంగతి చెప్పగానే ఆమెకి వెంటనే తట్టింది మగ్గమే. "అంటే పల్చటి నేత అన్నమాట. పేక దగ్గరగా కొట్టకూడదు." అంతకంటే బాగా ఈ విషయాన్ని చెప్పడం కష్టం.

ఇక్కడితో తగువు తీరిపోవాలి. తీరలేదు. పెరటి మూలనున్న కొబ్బరి మొక్క దగ్గర మళ్ళీ మొదలైంది.

ఏడాది మొక్క, ఆరేడు ఆకులున్నది. అత్తయ్య దానికి పక్కనే వెదురు కర్ర పాతి, నైలాన్ తాడుతో రెండు చోట్ల బిగించి కట్టింది. మేనల్లుడు చూడగానే మొహం చిట్లించాడు.

"ఇది మాత్రం ఒప్పుకోనండి. కర్రకి కట్టేస్తే అది కర్ర మీదే బతుకుద్ది."

కొబ్బరి సంగతేమో గానీ, కాండం ఏటేటా లావెక్కే చెట్ల విషయంలో అతని మాటకి గట్టి ఆధారమే ఉంది. 1970ల్లో కాలిఫోర్నియాలో కర్ర కట్టిన మొక్కల్నీ కట్టని మొక్కల్నీ పక్కపక్కన పెంచి చూశారు. కట్టినవి త్వరగా పొడుగయ్యాయి. కానీ మొదలు లావు కాలేదు. కట్టు విప్పితే కొన్ని తమ బరువుకి తామే నిలబడలేకపోయాయి. మామిడి అంటు కొని తెచ్చి రెండేళ్ళు కర్ర విప్పని ఇళ్ళు మనకి ఎన్ని తెలుసు! నైలాన్ తాడు కాండంలోకి దిగిపోయి బెరడు తెగిన మొక్కలు ఎన్ని చూశాం!

"కొబ్బరికి కాండమేదిరా ఇంకా? అంతా మట్టలేగా. మట్ట ఊగితే మొవ్వు కదులుద్ది. మొవ్వు పోతే మొక్క పోయినట్టే."

ఇదీ నిజమే. కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే, నెత్తిన. మామిడి కొమ్మ విరిగితే పక్క కొమ్మ వస్తుంది. కొబ్బరి మొవ్వు విరిగితే పక్కన ఇంకో మొవ్వు రాదు. అందుకే కొబ్బరి వేసే పద్ధతిలోనే గాలికి జవాబు పెట్టారు మన పెద్దలు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యి తీసి, సగం పూడ్చి, ఆ లోతులో మొక్క పెడతారు. మొక్క ఎదిగే కొద్దీ మట్టి పూడుస్తూ వస్తారు. మొదటి ఏడాది గాలి నేల మీద నుంచి పోతే మొక్క గోతిలో కూర్చుని ఉంటుంది. ఎండకి అడ్డంగా పడమర వైపు తాటాకు గుచ్చుతారు.

ఇదే ఉపాయం ఎక్కడో స్పెయిన్‌కి చెందిన లాంజరోటె దీవిలోనూ కనిపిస్తుంది. 1730 నుంచి 1736 దాకా అగ్నిపర్వతాలు పేలి ఆ దీవిలో చాలా భాగం నల్ల బూడిదతో నిండిపోయింది. అక్కడి రైతులు లా హేరియా అనే చోట బూడిదలో గరాటుల్లా గోతులు తవ్వి, ఒక్కో గోతిలో ఒక్కో ద్రాక్ష మొక్క నాటి, గాలి వచ్చే వైపు నెలవంక ఆకారంలో నల్లరాళ్ళ గోడ పేర్చారు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయికీ రాయికీ మధ్య సందులున్నాయి. అంటే అదీ మన తడిక జాతిదే.

"గొయ్యి సంగతి బాగానే ఉంది గానీ, ఈ నేలలో మీటరు తవ్వితే నీళ్ళొచ్చేస్తాయి. అందుకే పైనే పెట్టాను" అంది అత్తయ్య.

లంక ఊళ్ళలో ఇది అందరికీ తెలిసిన బాధ. నీటిమట్టం పైనే ఉన్న చోట లోతు గోతిలో కొబ్బరి పెడితే వేరు నీళ్ళలో నాని చస్తుంది. అక్కడ మట్టి దిబ్బ చేసి పైన నాటాల్సిందే. పైన నాటితే గాలికి ఎదురు నిలబడాల్సిందే. అందుకే కోనసీమలో ఒకే సలహా అన్ని పెరళ్ళకీ నప్పదు. మెరక నేలకి గొయ్యి, పల్లపు నేలకి దిబ్బా కర్రా. మేనల్లుడు ఈ ఒక్క చోట తగ్గాడు. తగ్గుతూ నైలాన్ తాడు మాత్రం విప్పేశాడు. మగ్గం దగ్గర మిగిలిన నూలు పోగులు నాలుగు పేటలు మెలేసి, కర్రకీ మొక్కకీ మధ్య ఎనిమిది అంకెలా తిప్పి, మొక్క వైపు రెండు వేళ్ళు దూరేంత వదులుగా కట్టాడు. కట్టు కూడా కిందనే, మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర. మొదలు కదలదు, తల ఊగుతుంది. నూలు ఎలాగూ కొన్ని నెలలకి చివికిపోతుంది. విప్పడం మర్చిపోయినా మొక్క మెడ కొయ్యదు.

అరటి విషయానికి వస్తే ఇద్దరికీ పేచీ లేదు. గెల వేసిన చెట్టుకి వెదురు పోటు పెట్టాల్సిందే. ఆకు చీలికలై పోయిందని కంగారు పడక్కర్లేదు. అరటాకు ఈనెల మధ్య చీలడం దాని ఆత్మరక్షణ. చీలిన ఆకు గాలిని వదిలేస్తుంది, చెట్టుని పడదొయ్యనివ్వదు. పిలక నాటినప్పుడు మొదట్లో మట్టి ఎగదొయ్యడం మరిచిపోకపోతే చాలు.

చీకటి పడింది. గాలి ఉత్తరం తిరిగింది. అత్తయ్య వసారాలో కూర్చుని, ఇంతసేపూ ఎత్తని మాట ఎత్తింది.

"ఇదంతా మామూలు గాలికిరా. తొంభై ఆరులో వచ్చిందే, దానికి తడికేంటి, గోడేంటి!"

1996 నవంబరు 6 రాత్రి. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన ఆ తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయాయి. కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది కాబట్టి, ఆ ఒక్క రాత్రి దెబ్బ తరవాతి శతాబ్దం మొదటి ఏళ్ళ దాకా రైతుల ఇళ్ళలో వినిపిస్తూనే ఉంది. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. అది చిన్నదే. అయినా పెరటి మళ్ళకి పెద్దదీ చిన్నదీ తేడా ఏముంది?

తుపాను గాలికి ఇంకో గుణం ఉంది. కేంద్రం ఊరి మీదుగా పోతే ఒక దిక్కు నుంచి కొట్టి, కాసేపు అంతా సద్దుమణిగి, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. తూర్పుకి కట్టిన తడిక పడమటి గాలికి మొక్కల మీదే పడుతుంది. అందుకే తుపాను కబురు రాగానే తడికలు విప్పి ఇంట్లో పెట్టడమే మంచిది. ఇది మేనల్లుడి మాట. అత్తయ్య దీనికి తలూపింది. ట్రేల్లో, కుండీల్లో ఉన్న నారుని లోపలికి తెచ్చెయ్యాలి. మడికి కాలవ తీసి నీళ్ళు పోయే దారి చెయ్యాలి. గాలి వెలిసిన రెండు మూడు రోజుల్లోపే వాలిన లేత మొక్కల్ని నిలబెట్టి మొదట్లో మట్టి తొక్కాలి. ఆలస్యమైతే వేరు వంకరగానే స్థిరపడుతుంది. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిపితే కుళ్ళు పట్టదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇక్కడికి దగ్గరే. గోదావరి గంగ, గౌతమి గంగ లాంటి కొబ్బరి రకాలు వచ్చింది అక్కడి నుంచే. పడ్డ కొబ్బరి మొక్కని నిలబెట్టాలా, తీసేసి కొత్తది వెయ్యాలా అన్న అనుమానం వస్తే అడగడానికి చోటుంది.

"ఇవన్నీ సరేరా. నేను చేసే పని ఒకటుంది, నీ చదువులో ఉందో లేదో" అని అత్తయ్య గూట్లోంచి చిన్న సీసా తీసింది. వంగ విత్తులు, బూడిదలో కలిపినవి. మొదటి మడి నారు పోసిన పదిహేను రోజులకి ఆమె రెండో మడి పోస్తుంది, పిడికెడే. మొదటిది బతికితే రెండోది ఇరుగుపొరుగుకి పోతుంది. మొదటిది గాలికి పోతే రెండోది అప్పటికి నాటే ఈడుకొస్తుంది. తడికకీ కర్రకీ లొంగని గాలికి ఆమె దగ్గరున్న జవాబు ఈ పిడికెడు విత్తులే. ఈ వ్యాసం మొత్తంలో పాఠకులు ఒకే ఒక్క పని చేద్దామనుకుంటే ఇది చెయ్యమని ఈ వ్యాసకర్త కోరిక.

మేనల్లుడికి ఆ మాట నచ్చింది. అయినా మొదటి మాట వదల్లేదు.

"ఒక్క వరస నాకు వదిలెయ్యండి అత్తయ్యా. తడిక లేకుండా. మొదట్లో మట్టి మాత్రం గట్టిగా తొక్కి వదిలేద్దాం. కార్తీక పున్నమికి వచ్చి చూస్తాను. మీ మొక్క లావో, నా మొక్క లావో."

"చచ్చిపోతే?"

"చచ్చిపోతే మీ సీసా ఉందిగా."

అత్తయ్య కాసేపు ఆలోచించి, చివరి వరసలో ఆరు మొక్కలు లెక్కపెట్టి వేరు చేసింది. మిగిలిన మడికి తూర్పు వైపు, ఉత్తరం వైపు తడికలు నిలబెట్టింది; ఆకు మరీ దగ్గరగా ఉన్న చోట రెండు పాయలు లాగేసి సందు చేసింది. అతను ఆ ఆరింటి మొదళ్ళూ బొటనవేళ్ళతో నొక్కాడు. మర్నాడు మొదటి బస్సుకి అతను కడియం వెళ్ళిపోయాక, ఏది ఏ మొక్కో తరవాత కలిసిపోకుండా, ఆ ఆరింటి పక్కనా పుల్లలు గుచ్చి ఆమె ఎర్ర నూలు పోగులు కట్టింది.